సమాధానం: కన్ను కదలకముందే గామా పెరుగుతోందంటే

తమ్మీ, చూపు కదలడానికి కొంచెం ముందే ఈఈజీలో (నెత్తి మీది ఎలక్ట్రోడ్లతో మెదడు కరెంటు రికార్డింగ్) 30–100 హెర్ట్జ్ గామా తరంగం పెరుగుతోంది, ఇది మెదడు ప్లానింగేనా అని అడిగినవు. చాలావరకు కాదు. కన్ను కదిలే క్షణాన కంటి కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటయి, దాంతో ఒక చిన్న కరెంటు పోటు (స్పైక్) వస్తది. ఆ స్పైక్‌ను వేవ్‌లెట్ అనే లెక్క (ఫ్రీక్వెన్సీలను విడదీసి చూపేది) కాలంలో ముందుకూ వెనక్కూ సాగదీస్తది, అందుకే ముందే వచ్చినట్టు కనబడుతది. రిఫరెన్స్ (మిగతావాటిని పోల్చే ఎలక్ట్రోడ్) ముక్కు మీద ఉంటే ఇంకా పెద్దగా వస్తది.

కళ్ల బయటి మూలల్లో రెండు, ఒక కంటి పైనా కిందా ఒక్కో ఎలక్ట్రోడ్ పెట్టు. నాలుగింటి సగటులోంచి పీజెడ్ (నడినెత్తికి వెనక ఉండే ఎలక్ట్రోడ్) తీసేస్తే స్పైక్ స్పష్టంగా దొరుకుతది. ఐసీఏ (కలిసిపోయిన సిగ్నళ్లను విడదీసే పద్ధతి) నేర్చుకోడానికి డేటాకు ఒక కాపీ తీసి, దానికి 2 హెర్ట్జ్ హైపాస్ (అంతకంటే తక్కువవాటిని తీసేసే ఫిల్టర్) పెట్టి, కదలిక మొదలుకు 20 మిల్లీసెకన్ల ముందు నుంచి 10 తర్వాత దాకా ఉన్న ముక్కలను ఆ కాపీకే మళ్లీ మళ్లీ కలుపు. వచ్చిన వెయిట్స్‌ను (విడదీసే గుణకాలను) అసలు డేటాకు వెయ్యి. ఆ కాపీకి 40 హెర్ట్జ్ లోపాస్ (అంతకంటే ఎక్కువవాటిని తీసేసే ఫిల్టర్) మాత్రం పెట్టకు, స్పైకే చాలావరకు కొట్టుకుపోతది, ఐసీఏ దాన్ని పట్టలేదు.

ప్లానింగే కావాలంటే గురి చూపించి, సెకనుపైన ఆపి, అప్పుడు చూడమను. ఆ విరామంలో గురి ఉన్న దిక్కుకు ఎదుటి పక్కన, మెదడు పైవెనక భాగమైన పెరైటల్‌లో 8–12 హెర్ట్జ్ ఆల్ఫా తరంగం తగ్గుదల చూడు, అదే నమ్మదగింది. గామాను అక్కడా నమ్మకు, కంటి సూక్ష్మ కదలికలకూ స్పైక్ ఉంటది. హన్మకొండలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే రికార్డింగ్ ఆపెయ్యి, 50 హెర్ట్జ్ నాచ్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసే ఫిల్టర్) ఒక్కటే సరిపోదు.