ఆగస్టు క్యాంప్ వార్తలు చూసి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సీజన్‌ని అంచనా వేయొచ్చా?

కొంతవరకే. అమెరికాలో సీజన్‌కి ముందు జరిగే ఆగస్టు ప్రాక్టీస్ క్యాంప్ నాటికి ప్రతి జట్టూ బ్రహ్మాండంగానే కనిపిస్తుంది, ఆడేది తమలో తామే కాబట్టి. బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌కి వేరే రంగు జెర్సీ వేసి ఎవరూ గుద్దకుండా చూస్తారు. అతని మెరుపులకి అప్పుడే మురిసిపోవద్దు. నేను ముందు చూసేది అఫెన్సివ్ లైన్, అంటే అతన్ని కాపాడే ముందు వరస ఐదుగురు: వాళ్లు నిరుడు కలిసి ఆడినవాళ్లేనా, వెనక బలమైన బ్యాకప్‌లు ఉన్నారా, ఎవరికైనా మోకాలు దెబ్బతిందా.

ముందస్తు ర్యాంకులంటారా? 2024లో అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ముందస్తు పోల్‌లో పదో స్థానంలో ఉన్న ఫ్లోరిడా స్టేట్ రెండే గెలిచి పది ఓడింది. అదే ఏడాది బిగ్ టెన్ అనే లీగ్‌లో 18 జట్లలో 17వదిగా అంచనా వేసిన ఇండియానా ఏకంగా జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కి వెళ్లింది! కొత్త కోచ్ కర్ట్ సిగ్నెట్టి, అంతకుముందు జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో తన దగ్గర ఆడినవాళ్లని చాలామందిని వెంట తెచ్చుకున్నాడు. వేరే కాలేజీల నుంచి ట్రాన్స్‌ఫర్లు ఎంతమంది వచ్చారన్నదానికంటే, వాళ్లలో ఆ కోచ్ పద్ధతి ముందే తెలిసినవాళ్లెందరో చూడండి.