మన గొర్రె గుండ్రంగా ఉండదు బిడ్డా

మహబూబ్‌నగర్

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ చూశాను. ఫోన్లో మాట్లాడితే సగం మరిచిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఎగ్జిబిషన్ వాళ్ళు "మీ ఉన్ని బొమ్మల వెనక ప్రేరణ ఏమిటో నాలుగు లైన్లు రాసివ్వండి" అన్నారని, ఏం రాయాలో తోచక టెన్షన్ పడుతున్నానని అన్నావు. ఆ నాలుగు లైన్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గొర్రె గురించి మాట్లాడాలి.

పనితనానికి వంక పెట్టను. కుట్టు లేదు, జిగురు లేదు, ఒట్టి ఉన్నిని సూదితో పొడిచి పొడిచి అంత నున్నగా తీశావంటే చేతిలో ఓపిక ఉన్నట్టే. కానీ ఆ గొర్రె ఎవరిది? తెల్లగా, బంతిలా, బుగ్గలకు గులాబీ రంగు పూసుకుని ఉంది. కిట్టు డబ్బా మీద ఉన్నది తీసి చేశావు. పాలమూరులో పుట్టిన పిల్లవు, మన జీవాలు ఏనాడైనా అట్లా ఉన్నాయా?

మన నల్ల గొర్రెను, దక్కనీ జాతి అంటారు చూడు, దాన్ని పక్క నుంచి చూడాలి. కాళ్ళు పొడుగు. రొమ్ము ఇరుకు. ముక్కు దూలం ఉబ్బెత్తుగా లేచి కిందికి వంగుతుంది. చెవులు వేలాడతాయి. రోజంతా బీడుల్లో నడిచి మేసేది కాబట్టి ఒంట్లో ఎక్కడా కొవ్వు గుండ్రం కనబడదు. నలుపు కూడా ఒట్టి నలుపు కాదు. వేళ్ళతో పాయ తీసి చూడు, చర్మం దగ్గర నల్లగా ఉంటుంది, ఎండ తగిలిన కొసలు ఎర్రబారి తుప్పు రంగులోకి దిగుతాయి. నల్ల ఉన్ని ఒక్కటే వాడితే బొమ్మ బొగ్గు ముద్ద అవుతుంది. పైపొరలో గోధుమరంగు నాలుగు పోగులు కలిపితే ప్రాణం వస్తుంది.

ఇంకోటి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెట్టు దొరకనిచోట మంద ఎట్లా నిలబడుతుందో చూశావా? ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చుకుంటాయి. దూరం నుంచి ఒక్క తల కూడా కనబడదు, అన్నీ వీపులే. ఆ తలల్లేని మందను చెయ్యి. చూసేవాళ్ళు ఆగుతారు. పైగా ముఖాలు చెక్కే బాధ తప్పుతుంది, నీకు కళ్ళు ఇంకా సరిగ్గా కుదరడం లేదు కూడా.

ఈసారి ఊరికి వస్తే పెబ్బేరు సంతకు వెళ్దాం. ఫోన్ సంచిలో పెట్టి పెన్సిలు తియ్యాలి, అదీ షరతు. ఫోటో తీస్తే చూసినట్టు అనిపిస్తుంది గానీ మోకాలు ఎటు మడుస్తుందో గుర్తుండదు. గీస్తే గుర్తుంటుంది. గీత బాగా రాకపోయినా ఫరవాలేదు, నేను ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ టీచరుగా పిల్లల వంకర గీతలే చూశాను, వాటికే మార్కులు వేశాను.

ఇక ఉన్ని. ఆన్‌లైన్‌లో కొన్న మెరినో గొర్రె ఉన్ని మెత్తగా ఉంటుంది, నిజమే. దాని పోగు లావు 20 మైక్రాన్ల అటూ ఇటూ, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన దక్కనీ పోగు దాదాపు దానికి రెట్టింపు లావు, మధ్యలో వెంట్రుకలు కూడా కలుస్తాయి. అందుకని మన ఉన్ని మెడకు చుట్టుకోవడానికి గుచ్చుకుంటుంది, ముద్ద కట్టడానికి కూడా టైం తీసుకుంటుంది. బొమ్మ మెడకు చుట్టుకునేది కాదు కదా. లోపలి గట్టితనానికి, పైన గరుకు రావడానికి అదే కావాలి. ముక్కుపుటాలకు, కనురెప్పలకు మాత్రం మెరినో వాడుకో. అన్నీ మన ఉన్నితోనే చెయ్యాలన్న పంతం నాకు లేదు.

కాకపోతే మన ఉన్ని రోజురోజుకూ దొరకడం కష్టమవుతోంది. ఒక్కో గొర్రెకు ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా కిలో కూడా రాదు. గొంగడి కొనేవాళ్ళు తగ్గారు, మాంసం ధర పెరిగింది. దాంతో తరతరాలుగా గొర్రెలు కాసే కురుమ ఇళ్ళల్లో కూడా బొచ్చులేని నెల్లూరు రకం పొట్టేళ్ళను మందలోకి తెచ్చారు. 2017లో సర్కారు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీ మీద పంచినప్పుడు బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాటిలోనూ మాంసం జాతులే ఎక్కువ. మంద పెంచేవాళ్ళను తప్పు పట్టలేం, ఇల్లు గడవాలి. కొన్నిచోట్ల కత్తిరించిన ఉన్నిని అడిగేవాడు లేక చేను గట్టున పారేస్తున్నారు. అది నీకు పనికొస్తుంది. ఊరికే అడగకు, ఎంతో కొంత డబ్బు చేతిలో పెట్టి తీసుకో.

తెచ్చుకున్నాక ముందు పల్లేరుకాయలు ఏరాలి. చేతులు చీరుకుంటాయి, తొందరపడకు. ఆ తర్వాత గోరువెచ్చని కుంకుడుకాయ నీళ్ళలో ముంచి వదిలెయ్. పిసకొద్దు, తిప్పొద్దు. ఉన్ని పోగు మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడి నీళ్ళకు అవి విచ్చుకుంటాయి, అప్పుడు రుద్దితే ఒకదాన్నొకటి పట్టుకుని విడదీయలేని ముద్ద అవుతుంది. తడి ఫెల్టింగ్ అంటే అదే, కావాలని చేస్తే కళ, బకెట్లో జరిగితే నష్టం. రెండోసారి పోసే నీళ్ళు కూడా అంతే వెచ్చగా ఉండాలి, చన్నీళ్ళు గుమ్మరించకు. నీడలో ఆరబెట్టి, ఆ తర్వాత ఏకాలి, అంటే దువ్వి పోగులు విడదీయాలి. ఏకే పళ్ళ పలకలు, చేతి కార్డులు అంటారు, దొరక్కపోతే కుక్కలకు దువ్వే పళ్ళ బ్రష్షులు రెండు కొనుక్కో, పని జరుగుతుంది.

సూదుల గురించి అడిగావు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 36తో ఆకారం తెచ్చి, 38తో గట్టిపరిచి, 40తో పైపొర నున్నగా చెయ్యి. సూది ఒంటికి గాట్లుంటాయి, అవే పోగుల్ని పట్టి లోపలికి తోస్తాయి. ఏ కోణంలో దించావో అదే కోణంలో పైకి తియ్యాలి. లోపలుండగా పక్కకు వంచితే టక్కున విరుగుతుంది, ఆ ముక్క బొమ్మలోనే ఉండిపోతుంది. నీ గొర్రె కాళ్ళు వంగిపోవడానికి కారణం తీగ లేకపోవడం కాదు, లోపల వదులుగా ఉండటం. బొటనవేలితో గట్టిగా నొక్కితే గుంట పడకూడదు, అంతవరకూ పైపొర జోలికి పోకు. టీవీ చూస్తూ పొడవకు. వేలికి తోలు తొడుగు వేసుకో.

పురుగు పట్టకుండా వేపాకు వేశానన్నావు. వాసన బాగుంటుంది, అంతే. ఉన్నిని కవర్లో గాలి చొరకుండా కట్టి నాలుగైదు రోజులు ఫ్రీజర్లో పెట్టు. కలరా ఉండలు వేస్తే కొన్నవాళ్ళకు తలనొప్పి.

సరే, ఇప్పుడు ఆ నాలుగు లైన్లు. నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. "మా నాయనమ్మ కదురు తిప్పుతుంటే పక్కన కూర్చుని చూసిన బాల్యమే నా ప్రేరణ" అన్నావు. చదవడానికి బాగుంది. కానీ బిడ్డా, నీకు ఊహ తెలిసేసరికే మా అమ్మ ఉన్ని వడికే కదురు అటక ఎక్కింది. ఆ పక్కన కూర్చున్నది నేను, మీ నాన్న. గొంగడి పోగులకు పట్టించే చింతగింజల గంజి వాసన మా ముక్కుల్లో ఉంది, నీ ముక్కులో లేదు. కదురు నీ మెడకు కట్టుకోవద్దు.

జోసెఫ్ బోయిస్ అని జర్మనీలో పెద్ద కళాకారుడు ఉండేవాడు. ఫెల్టు, అంటే ముద్దకట్టిన ఉన్ని గుడ్డ, ఇంకా కొవ్వు, ఇవే ఆయన సామగ్రి. ఎందుకంటే, 1944లో యుద్ధంలో క్రిమియా మీద తన విమానం కూలిందని, అక్కడి తాతార్ జాతివాళ్ళు తనకు కొవ్వు పట్టించి ఫెల్టులో చుట్టి బతికించారని చెప్పేవాడు. తర్వాత రికార్డులు వెతికితే విమానం కూలిన మాట నిజమే గానీ, జర్మన్ సైనికులే కనుక్కుని ఆసుపత్రికి చేర్చారని తేలింది. ఇప్పుడు ఆయన ఫెల్టు పని ముందు నిలబడ్డవాళ్ళు పనిని వదిలేసి ఆ కథ నిజమా కాదా అని వాదించుకుంటారు. అంత పెద్దవాడికే అది తప్పలేదు.

దీనికి ఎదురుగా ఇంకోటి చూడు. రష్యాలోని ఆల్తాయ్ కొండల్లో పజిరిక్ అనేచోట 1949లో ఒక పాత సమాధి తవ్వితే, లోపల మంచు గడ్డకట్టి ఉండటంవల్ల ఫెల్టు హంసలు చెక్కుచెదరకుండా దొరికాయి. క్రీస్తుకు పూర్వం నాటివి. ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి, ఫోటోలు వెతికి చూడు. తెల్లటి ఒళ్ళు, నల్లటి ముక్కు, మెడలో ఆ వంపు. లోపల కూరింది రెయిన్‌డీర్ బొచ్చు, వాళ్ళకు చేతికి అందేది అదే మరి. చేసినవాళ్ళ పేరు లేదు, ప్రేరణ ఏమిటో రాసిన కాగితమూ లేదు. హంసను దగ్గరగా చూసిన మనిషి చేసిందని మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

నీకంటూ గుర్తున్నది ఏమిటో ఆలోచించు. నాకు ఒకటి గుర్తుంది. నీకు నాలుగేళ్ళు ఉంటాయేమో, మా వాకిట్లో గొర్రెపిల్ల ఒకటి నీ కొత్త గౌను అంచు నోట్లో పెట్టుకుని చీకుతుంటే, లాక్కోలేక, వదల్లేక, రాగం తీసి ఏడ్చావు. ఆ తర్వాత చాన్నాళ్ళు గొర్రెలంటే నీకు భయం. అది నీది, మా అమ్మది కాదు. నోట్లో గుడ్డ అంచు పట్టుకుని కళ్ళు సగం మూసిన గొర్రెపిల్లను చెయ్యి. గుడ్డ ముక్క నిజమైనదే కలపొచ్చు. ఆ గౌను మీ అమ్మ దాచిపెట్టింది, అడుగు.

కార్డు మీద ఇట్లా రాయి: దక్కనీ గొర్రె ఉన్ని, ఫలానా ఊరి మంద నుంచి. చిన్నప్పుడు గొర్రెలంటే భయపడేదాన్ని. రెండు వాక్యాలు చాలు. వాళ్ళు నాలుగు అడిగితే కొలతలు, ధర రాసి నింపు. "మట్టి వాసన", "వేర్లు", "అంతరించిపోతున్న" లాంటి మాటలు పాలమూరు మీద ఇప్పటికే చాలామంది రాశారు. వలసనీ, కరువునీ బొమ్మల ధర పెంచడానికి వాడుకోవద్దు.

ధర అంటే గుర్తొచ్చింది. గంటలు లెక్క పెట్టుకుని రాసుకో, కూలీ పడేటట్టు ధర కట్టు. చుట్టాలకు ఊరికే ఇస్తానంటే నీ ఇష్టం.

గొంగడి ముక్క మీద మంద బొమ్మ పొడుస్తానన్నావు కదా, ఆలోచన బాగుంది, నేత సందుల్లోంచి సూది చక్కగా దిగుతుంది. కానీ మా ఇంట్లో ఉన్నదాన్ని అడగకు, చలికి అదే కప్పుకుంటున్నా. నారాయణపేట వైపు చిరిగిన పాతవి ఉంటాయేమో కనుక్కుంటా.

ఏరి కడిగిన నల్ల ఉన్ని ఒక సంచి, ఎర్రబారిన కొసలు వేరే పొట్లం కట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తున్నా. ఏకలేదు, అది నువ్వే చేసుకో. అందగానే మెసేజ్ పెట్టు. వచ్చే నెలలో మా పక్క ఊళ్ళో కత్తిరింపు ఉందంటున్నారు, తేదీ తెలియగానే చెబుతా, ఆఫీసుకు లీవు పెట్టుకుని రా.

ఆశీస్సులతో,
మీ మేనత్త