బిందెల వరసతో మంటలు ఆరుతాయా?

ప్రశ్న: పోయిన ఫిబ్రవరిలో కొండపి దగ్గర మా పల్లెలో పొగాకు బ్యారన్ (పచ్చాకును గొట్టాల వేడితో ఆరబెట్టే, అంటే ‘కాల్చే’ గది) అంటుకుంది. ఫైరింజన్ వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. ఈలోపు ఊరంతా తొట్టి దగ్గర్నుంచి వరసగా నిలబడి బకెట్లు, బిందెలు అందించుకున్నాం. పక్కనున్న రెండు పూరిళ్లు మిగిలాయి గానీ బ్యారన్ బూడిదైంది. అదంతా ఉత్త హడావుడి అంటున్నాడు మా బావ. నిజమేనా?

జవాబు: మీ బావను ఒకసారి ఆ పూరిళ్ల దగ్గరికి తీసుకెళ్లండి! స్లాబ్ పోసే రోజు కూలీలు గమేళాలు అందించుకుంటారే, ఇదీ అదే పద్ధతి. ఎవరికి వాళ్లు బిందె పట్టుకుని పరిగెత్తితే దారిలో ఒకరినొకరు గుద్దుకుని సగం నీళ్లు ఒలికిపోతాయి, వరసలో అయితే మనిషి కదలడు, బకెట్ కదులుతుంది. నాలుగు సెకన్లకొక పది లీటర్ల బకెట్ చివరికి చేరిందనుకోండి, నిమిషానికి 150 లీటర్లు, అంటే అరగంటలో 4,500. మామూలు ఫైరింజన్ ట్యాంకులో పట్టేవీ ఇంచుమించు అన్నే. అయితే పైపులో ఉండే జోరు బకెట్‌కు ఎక్కడిది? 1670లలో ఆమ్‌స్టర్‌డామ్‌లో తోలు గొట్టాలు వచ్చేదాకా అక్కడా ఈ బకెట్లే దిక్కు.

బ్యారన్‌లో కర్రలకు కట్టిన ఆకు జారి కాలే గొట్టాల మీద పడితే చాలు, ఎండిన ఆకంతా నిమిషాల్లో అంటుకుంటుంది, అప్పుడు లోపలికి బకెట్లు విసరడం దండగ, దగ్గరికి పోవడం ప్రమాదం కూడా. ఆ నీళ్లు పక్క ఇళ్ల కప్పుల మీద, గడ్డివాముల మీద పోయాలి, తడి గోతాలు పరచాలి, గాలి ఎటు వీస్తుంటే ముందు అటు. మీరు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ చేసింది ఇదే.

ఇంకో వరస కూడా కావాలి, ఖాళీ బకెట్లు వెనక్కి రావడానికి. చాలా ఊళ్లలో ఇది మరిచిపోతారు, దాంతో నింపడానికి బకెట్లుండవు. కుళాయి కింద పట్టుకుంటూ కూర్చుంటే వరస మొత్తం ఆగిపోతుంది, తొట్టిలో ముంచాల్సిందే. పైగా నీళ్లు చల్లే ముందు కరెంటు తీసేయాలి కదా, దాంతోపాటు బోరు మోటారూ ఆగుతుంది. అందుకే ఆకు కాల్చే రోజుల్లో తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంచుకోండి. అన్నట్టు 101కి ఫోన్ చేసే పని ముందే ఒకరికి అప్పగించండి, లేకపోతే ఇంకెవరో చేసుంటారులే అని అందరూ బకెట్లే పట్టుకుంటారు.