రాయలచెరువులో పడవ మోటారు గంటకే ఆగిపోతోంది: ఏ బ్యాటరీ కొనాలి?

మోటారుది తప్పు కాదన్నా, మీరు పెట్టిన కారు బ్యాటరీది. అది ఇంజను స్టార్ట్ చేసేదానికే. గంటలకొద్దీ లాగితే ప్లేట్లు పోతాయి. డీప్ సైకిల్ రకం కావాలి, అంటే గంటలకొద్దీ లాగినా తట్టుకునేది.

1. మోటారు మీద ఆంపియర్లు చూడండి. ఫుల్ స్పీడులో 30 అనుకుంటే 2 గంటలకు 60 ఏహెచ్ (ఆంపియర్లు × గంటలు).

2. అందరూ దెబ్బతినేది ఇక్కడే, 60 ఏహెచ్‌దే కొనేస్తారు. లెడ్ బ్యాటరీ చార్జిని సగానికి మించి దించకూడదు. పైగా డబ్బా మీది ఏహెచ్ సాధారణంగా 20 గంటల పాటు మెల్లగా లాగితే వచ్చే లెక్క. 30 ఆంపియర్లు లాగితే అంత రాదు. 150 ఏహెచ్‌ది తీసుకోండి.

3. తిరుపతిలో ఏ షాపులోనైనా ఇన్వర్టర్ ట్యూబులర్ (ఇళ్లలో ఇన్వర్టరుకు పెట్టే లెడ్ బ్యాటరీ) చూపిస్తారు. నడుస్తుంది, కానీ 50 కిలోల పైమాటే, పడవ ఒరిగితే యాసిడ్ చిందుతుంది. డబ్బుంటే 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీయే మేలు, దాన్ని సగం దాటి దించొచ్చు కాబట్టి 100 చాలు. చార్జరు దానిదే వాడండి.

4. ప్లస్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు.