గొంతు మాటిమాటికీ పాడవుతోందా? ఒకసారి ముక్కు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్లుగా నెలకో, నెలన్నరకో గొంతు నొప్పి వస్తోంది. యాంటీబయాటిక్స్ వేసుకుంటే నాలుగు రోజుల్లో తగ్గి మళ్లీ మొదలవుతోంది. పొద్దున లేవగానే గొంతులో కఫం, ముక్కు దిబ్బడ. జ్వరం మాత్రం రాదు. టాన్సిల్స్ తీయించుకోమంటున్నారు. తప్పదా?

జవాబు: ఆపరేషన్ మాట పక్కన పెట్టండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అనుమానం ముక్కు మీదికే వెళ్తోంది. అలర్జీ వల్లనో, ముక్కు దూలం వంకర వల్లనో సైనస్‌ల (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల) దారులు మూసుకుపోతే స్రావాలు చిక్కబడి గొంతు వెనక్కి జారుతుంటాయి. రాత్రి నోటితో గాలి పీల్చడంతో గొంతు ఎండి ఇంకా మండుతుంది. టార్చి వేసుకుని అద్దంలో చూడండి. కొండనాలుక వెనక గోడ మీద ఎర్రటి బొడిపెలు, పైనుంచి దిగుతున్న జిగురు తీగ కనిపిస్తే ఈ అనుమానం బలపడుతుంది. దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు. నాలుగు రోజుల్లో తగ్గడం చాలాసార్లు మాత్ర గొప్ప కాదు, జలుబు ఎలాగూ తగ్గే వేళ అది.

రోజుకు రెండుసార్లు ఉప్పునీటితో ముక్కు కడగండి. పావు లీటరు నీటికి అర టీస్పూను కంటే కాస్త తక్కువ ఉప్పు, చిటికెడు తినే సోడా. నీళ్లు మరిగించి గోరువెచ్చగా చల్లార్చినవే కావాలి. క్యాన్ నీళ్లయినా, ఫిల్టర్ నీళ్లయినా అంతే. మరిగించని నీటిలో అమీబా ఉంటే ముక్కులోంచి మెదడుకు చేరవచ్చు. అరుదే గానీ ప్రాణాంతకం.

కడిగిన పావుగంటకు, డాక్టరు రాస్తే, ఫ్లూటికాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో పట్టుకుని, మొనను కంటి బయటి కొస వైపు తిప్పి కొట్టాలి. దూలం మీద కొడితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి పోతుంది. గుణం తెలియడానికి రెండు వారాలు పట్టవచ్చు, మధ్యలో మానేయకండి. దిబ్బడ పోగొట్టే జైలోమెటాజోలిన్ చుక్కలు ఐదు రోజులు మించితే దిబ్బడ తిరగబెడుతుంది.

పన్నెండు వారాలు దాటి లక్షణాలు ఉంటే ఈఎన్‌టీ వైద్యుడు ఎండోస్కోపీతో, అవసరమైతే సీటీ స్కాన్‌తో చూస్తారు. ఒకే వైపు దుర్వాసనతో చీము వస్తుంటే పైదవడ పన్ను కూడా చూపించండి. ముక్కులోంచి ఒకే వైపు రక్తం, మెడలో గడ్డ, మూడు వారాలు దాటిన బొంగురు గొంతు ఉంటే ఆలస్యం వద్దు.

టాన్సిల్స్ తీయాలంటే సాధారణంగా ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏడాదికి ఐదుసార్లు అసలైన టాన్సిల్ ఇన్ఫెక్షన్ వచ్చి ఉండాలి. అంటే గొంతు నొప్పితో పాటు 101 డిగ్రీల (ఫారెన్‌హీట్) జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, దవడ కింద నొప్పి పెట్టే బిళ్లలు వంటి వాటిలో ఒక్కటైనా ఉండాలి. ఈసారి గొంతు నొప్పి వస్తే తేదీ, జ్వరం, దగ్గు ఉన్నదీ లేనిదీ రాసి పెట్టుకుని ఆ కాగితం డాక్టరుకు చూపించండి.