ఉలి చేయడం వేరు, ఉలులు అమ్ముకుని బతకడం వేరు

కరీమాబాద్, వరంగల్

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీస్సులు.

హుజూరాబాద్ అవతల షెడ్డు అద్దెకు తీసుకుని వడ్రంగి పనిముట్లు సొంతంగా తయారు చేయాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నిన్ను వద్దని వారించమని కూడా అడిగింది. నలభై ఏళ్లు కొలిమి ముందు కూర్చున్నవాడిని, ఆ మాట ఏ నోటితో అనగలను? అందుకని నేను ఎక్కడెక్కడ దెబ్బతిన్నానో రాస్తున్నాను, నిదానంగా చదువు.

సంక్రాంతికి నువ్వు తెచ్చి చూపిన ముప్పావు అంగుళం ఉలి నాకు నచ్చింది, నీ చేతిలో పని ఉంది. అయితే పదో ఉలి కూడా మొదటిదానిలాగే రావాలి, చిన్న తయారీదారుడు దెబ్బతినేది అక్కడే. మనమందరం పాత లారీ కమాన్ పట్టీలు, అంటే చక్రాల పైనుండే స్ప్రింగు పట్టీలు, తెచ్చి సాగగొట్టినవాళ్లమే. పాత ఇనుము దుకాణంలో ఒకే కుప్పలో పడి ఉన్నంత మాత్రాన ఆ ముక్కలన్నీ ఒకే ఉక్కు కావు. కమాన్ పట్టీలో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటే బేరింగు ఉక్కులో దాదాపు 1 శాతం ఉంటుంది, రెండింటినీ ఒకే తీరుగా కాల్చి నూనెలో ముంచితే ఒకటి నిలుస్తుంది, మరొకటి పెళుసెక్కుతుంది.

ఒకసారి దర్వాజాలు చెక్కే ఒక కార్ఖానాకు పన్నెండు ఉలులు ఇచ్చాను. వారం తిరగకముందే ఐదు వెనక్కి వచ్చాయి. వాటి అంచు మీద గోరు పెట్టి లాగితే రంపపు పళ్లలా తగిలింది. ఒకదాని మూల బియ్యపు గింజంత ముక్క లేచిపోయి, ఆ విరుగులో ఉక్కు ఇసుక పలుకుల్లా మెరిసింది. మంచి ఉక్కు సరిగ్గా కాలితే విరిగిన చోట నున్నగా, బూడిద రంగులో ఉండాలి, పలుకులు కనిపించాయంటే ఎక్కువ కాలిందన్నమాట. ఇనుము అమ్మినవాడిని కొన్నాళ్లు తిట్టుకున్నాను గానీ, నిజానికి ఆ రోజు తలుపు తెరిచి ఉండి ఎండ నేరుగా కొలిమి మీద పడింది, వెలుతురులో ఎరుపు తెలియక ఆ ఐదింటినీ నేనే మితిమీరి కాల్చాను. ఐదూ ఊరికే మార్చి ఇచ్చాను. ఆ కార్ఖానా మళ్లీ నా దగ్గర కొనలేదు.

కాబట్టి పాత ఇనుము మానేసి, ఏ రకం ఉక్కో కాగితం మీద రాసిచ్చే ఒక్క వ్యాపారి దగ్గర ఏడాదికి సరిపడా పట్టీ ఒకేసారి కొను. కొలిమిని చీకటి మూలన పెట్టు. కాలిన ఉక్కుకు అయస్కాంతం అంటుకోవడం సుమారు 770 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అది దాటిన తర్వాత ఇంకొంచెం మాత్రమే వేడెక్కనిచ్చి, గోరువెచ్చని నూనెలో నిట్టనిలువుగా ముంచు. నీళ్లలో ముంచితే ఇలాంటి ఉక్కు పగులుతుంది. ముంచాక ఆకురాయి దాని మీద పట్టకుండా జారాలి. ఆ వెంటనే, మరునాటికి వాయిదా వేయకుండా, చిన్న ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచు. ఆ తర్వాత సాన పట్టేటప్పుడు అంచు నీలం తిరిగిందంటే అంతవరకూ చేసిన పని గంగపాలే, అందుకే మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ పట్టు.

ఇక ధర. బజారులో రెండు మూడు వందలకు ఉలి దొరుకుతుంది, జలంధర్ నుంచీ నాగౌర్ నుంచీ బండ్ల కొద్దీ వస్తుంది, దానితో నువ్వు పోటీ పడలేవు, పడకూడదు కూడా. సాగగొట్టడం, సాన, వీపు చదును చేయడం, పిడి బిగించడం అన్నీ కలిపితే నాకు ఒక్కో ఉలికి మూడున్నర గంటలు పట్టేది, అంటే రోజుకు రెండు. నేను ఉక్కు ఖరీదు, బొగ్గు ఖరీదు లెక్కవేసుకుని, నా గంటలను లెక్కలోకి తీసుకోకుండా పదిహేనేళ్లు అమ్మాను. మా నాన్న కాలంలో రైతులు పంటకు మేర, అంటే పనికి బదులు ధాన్యం, కొలిచేవారు గనుక గంటల లెక్క అవసరం పడలేదు, ఆ అలవాటే నాకూ వచ్చింది. నువ్వు మాత్రం తాపీ మేస్త్రీ కూలికి తక్కువ కాకుండా నీ కూలి వేసుకుని, ఆ ధర చెప్పడానికి సిగ్గుపడకు.

ఆ ధర ఎవరిస్తారని అడుగుతావు. తలుపుల మీద పువ్వులు ఇప్పుడు కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రం చెక్కుతోంది, సగం ఇళ్లకు యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీలు వచ్చాయి. ఊళ్లో వడ్లవారందరికీ అమ్ముదామంటే కుదరదు. యంత్రం వదిలేసిన మూలలు తీర్చేవారు, రథాల పని చేసేవారు, నగరాల్లో సెలవు రోజున సరదాకు చెక్కపని చేసుకునే ఉద్యోగులు, నిర్మల్ బొమ్మల కళాకారులు నీ గిరాకీ. వీళ్లలో ఒక్కొక్కరికీ కావలసింది వేరు. నిర్మల్‌వారి పునికి కర్ర తేలిక, మెత్తన, దానికి ఉలి అంచుకు 20, 25 డిగ్రీల పలుచని వాలు ఉండాలి, లేకపోతే కర్ర తెగకుండా నలుగుతుంది. టేకులో సిలికా ఉండి అంచును త్వరగా మొద్దుబారుస్తుంది కనుక అక్కడ 30 డిగ్రీలు పెట్టాలి. ఫ్యాక్టరీవాడు ఇంత విచారించి చేయడు. మొదటి ఏడాది ఉలులు తప్ప వేరే జోలికి పోకు. చెక్కను నున్నగా చేసే రందా అడుగు భాగం తీర్చడమే ఒక వృత్తి, కర్ర చెక్కే బాడిశ తర్వాత చూద్దాం.

పిడికి రెండేళ్లు ఆరిన తుమ్మ వాడు. పచ్చిది వాడితే మన మే నెల ఎండకు కుంచించుకుపోయి, పిడి చివర బిగించిన లోహపు కట్టు, అంటే పొన్ను, ఊడి చేతిలోకి వస్తుంది.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరమూ, సుత్తి, పనిముట్ల తయారీ కూడా ఉన్నాయి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది గనుక మీ అన్నతో ముందే మాట్లాడుకో. ఆ లక్షతో బెల్టు గ్రైండరు కొను, సరుకు నిల్వ చేయడానికి వాడకు.

కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు నిజామాబాద్ ప్రాంతానికి వచ్చేవారన్న సంగతి నీ డబ్బాల మీద అచ్చువేయాలనుకుంటున్నావట. వేసుకో, గర్వకారణమే. కొన్నవాడు మాత్రం అంచునే చూస్తాడు.

మా నాన్న చేసిన అంగుళం ఉలి ఒకటి బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. వచ్చిన వెంటనే సాన పట్టకు. ముందు దాని వీపును అద్దం మీద పెట్టి వెలుతురు ఎక్కడ దూరుతుందో చూసి, నీ ఉలిని కూడా అలాగే పెట్టి చూసి, ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకు రాయి. షెడ్డు అడ్వాన్సు అప్పటిదాకా ఇవ్వకు.

ఇట్లు
మీ మామయ్య