సమాధానం: సోలార్ డ్రయ్యర్‌లో మిరపకాయలకు బూజు

అన్నా, ఎండ వేడితో కాయలు ఆరబెట్టే మీ డ్రయ్యర్ లోపల 65 డిగ్రీల వేడి ఉన్నా తొడిమ దగ్గర బూజు వస్తోందని, పొద్దున్నే షీటు లోపల నీటి చుక్కలు కనిపిస్తున్నాయని రాశారు. ఆ చుక్కలే అసలు సంగతి చెబుతున్నాయి. మీకు వేడి చాలక కాదు, తేమ బయటికి పోయే దారి లేక ఈ ఇబ్బంది.

వేడి గాలి ఎక్కువ తేమను పట్టుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోస్తే, 50 దగ్గర 80 గ్రాములకు పైనే మోస్తుంది. కానీ ఆ గాలి అక్కడే ఉండిపోతే రాత్రి చల్లబడి, ఆ నీళ్లన్నీ మళ్లీ కాయల మీదే పడతాయి.

కింద ఎండ వేడిని పట్టే నల్ల రేకు వైపు గాలి లోపలికి వచ్చే సందు, పైన ఎదురు చివర చిమ్నీ పెట్టండి. చిమ్నీ ఎంత పొడవుంటే అంత బాగా లాగుతుంది. చిన్న సోలార్ ప్యానెల్‌తో నేరుగా నడిచే డీసీ ఫ్యాన్ పెడితే ఇంకా మంచిది, ఎండ పెరిగేకొద్దీ అదీ వేగంగా తిరుగుతుంది. వేడి 50-60 మధ్య ఉంచండి, దాటితే రంగు నల్లబడుతుంది. పొద్దుగూకగానే సందులు మూసేయండి, లేకపోతే మంచు గాలి లోపలికి వస్తుంది.

ట్రేలో కాయలు పల్చగా పరచండి. ఊపితే గింజలు గలగలమనాలి, తేమ 10-11 శాతానికి దిగాలి.

బూజు పట్టినవి మాత్రం తాలుతో (రంగు పోయిన నాసిరకం కాయలతో) కూడా కలపొద్దు అన్నా. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ఎండబెట్టినా పోదు.